మహబూబ్‌నగర్ రఫ్ఫు దుకాణంలో ఒక పాత బేస్‌బాల్ చొక్కా

మహబూబ్‌నగర్ క్లాక్‌టవర్ దగ్గర బట్టల దుకాణాల వెనక సందులో, రెండు టైలర్ షాపుల మధ్య, మనిషి కాళ్ళు చాపుకుంటే నిండిపోయేంత చిన్న రఫ్ఫు దుకాణం ఒకటి ఉంది. దానికి పేరు లేదు. రేకు మీద ఎర్ర రంగుతో తెలుగులోనూ ఉర్దూలోనూ ‘రఫ్ఫు’ అని మాత్రం రాసి ఉంటుంది. పెళ్ళి షేర్వాణీ మేకుకు తగులుకొని చిరిగినా, కొత్త ప్యాంటు మీద అగరుబత్తి నిప్పు పడి చిల్లి పడినా, ఊళ్ళో వాళ్ళు వెతుక్కుంటూ పోయేది అక్కడికే. మొన్న ఎండాకాలంలో నేను అక్కడికి పట్టుకెళ్ళిన వస్తువు మాత్రం అలాంటిది కాదు. అమెరికాలో దాదాపు నూరేళ్ళ కింద ఎవరో ఆటగాడు తొడుక్కొని ఆడిన ఉన్ని బేస్‌బాల్ చొక్కా అది. పాత బట్టను బాగుచేయడమంటే దాన్ని కొత్తదానిలా చేయడమేనన్న నమ్మకం మన దగ్గర చాలా గట్టిగా పాతుకుపోయింది. ఆ నమ్మకం వల్ల నేను ఇప్పటికే ఒక విలువైన వస్తువును పోగొట్టుకున్నాను. ఈ దుకాణంలో జరిగిన పని దానికి పూర్తిగా వేరుగా ఉన్నది కాబట్టి దాని గురించి వివరంగా రాస్తున్నాను.

నేను ఈ జిల్లాలోని ప్రభుత్వ పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్ నేర్పుతూ గడిపిన ఏళ్ళలో ఆ ఆట చరిత్ర మీద, ముఖ్యంగా ఆటగాళ్ళు వేసుకున్న దుస్తుల మీద నాకు ఆసక్తి పెరిగింది. ఆ సంగతి తెలిసిన మా మేనల్లుడు న్యూజెర్సీ నుంచి వస్తూ, అక్కడ ఒక పాత సామాన్ల అమ్మకంలో దొరికిన చొక్కా, ప్యాంటు, ఒక జత మేజోళ్ళు తెచ్చి నా చేతిలో పెట్టాడు. అవి పేరున్న ఆటగాడివి కావు, పెద్ద జట్టువి కూడా కావు. ఏదో చిన్న ఊరి జట్టు తన పిల్లలకు కుట్టించుకున్న దుస్తులు. నాకు అందుకే అవి మరింత ప్రియమైనవి. అమెరికా బేస్‌బాల్‌లో పేరుమోసిన ఆటగాడు బేబ్ రూత్ 1932 వరల్డ్ సిరీస్ (ఏడాది చివరి విజేతను తేల్చే పోటీ) మూడో ఆటలో వేసుకున్న చొక్కా 2024లో 2 కోట్ల 41 లక్షల డాలర్లకు వేలంలో అమ్ముడుపోయింది. అటువంటి వాటిని కాపాడడానికి ధనమూ మనుషులూ ఉంటారు. చిన్న ఊరి చొక్కాకు ఎవరి చేతికి చిక్కితే ఆ చేయే దిక్కు.

చొక్కా మీగడ రంగు ఫ్లానెల్, అంటే మెత్తని ఉన్ని బట్ట. బాగా దగ్గరికి పెట్టుకొని చూస్తే వెలిసిపోయిన సన్నని నీలి గీతలు నిలువునా కనిపిస్తాయి. మెడ దగ్గర మడత కాలర్ లేదు. అర అంగుళం ఎత్తున నిలబడే పట్టీ మాత్రమే ఉంది. చేతులు మోచేయి దాటి నాలుగు వేళ్ళు కిందికి వస్తాయి. వీపు మీద అంకె లేదు. గుండీలు అయిదింటిలో ఒకటి వేరే రంగుది, ఎవరో తర్వాత కుట్టుకున్నది. లోపల కింది అంచు మీద ఎర్ర దారంతో గొలుసుకుట్టు వేసిన రెండు పొడి అక్షరాలు ఉన్నాయి. అందరి చొక్కాలూ ఒకే మూటలో ఉతుకుకు పోయే రోజుల్లో ఎవరిది వారికి తిరిగి రావడానికి వేసుకున్న గుర్తు అయి ఉంటుంది. కాలర్ చుట్టూ మూడు, కుడి చంక కింద రెండు, రొమ్ము మీద ఒకటి చొప్పున చిమ్మట కొట్టిన చిల్లులు, భుజం మీద రెండు వేళ్ళ పొడవున ఒక చిరుగు ఉన్నాయి. ఆ చిల్లులు ఆ చోట్లలో ఊరికే పడలేదు. చిమ్మట పురుగు ఉన్నిని తింటుంది గాని, చెమట, జిడ్డు పట్టిన ఉన్ని దానికి మరీ ఇష్టం. కాబట్టి ఏ చోట చిల్లులు ఎక్కువగా ఉన్నాయో ఆ చోట ఆ ఆటగాడికి చెమట ఎక్కువగా పట్టిందని అర్థం.

ఇలాంటివి ఎందుకు తక్కువగా మిగిలాయో చెప్పకపోతే ఆ రఫ్ఫు పని విలువ తెలియదు. న్యూయార్క్‌లోని నికర్‌బాకర్ క్లబ్బు 1849లో నీలి ఉన్ని ప్యాంట్లు, తెల్ల ఫ్లానెల్ చొక్కాలు, గడ్డి టోపీలు తన సభ్యులకు ఏర్పాటు చేసుకుంది. బేస్‌బాల్‌లో జట్టంతా ఒకే తీరు దుస్తులు వేసుకోవడం అక్కడ మొదలైంది. 1868లో సిన్సినాటి జట్టు పొడుగు ప్యాంట్లు వదిలి మోకాలి దాకా వచ్చే పొట్టి ప్యాంటు, దాని కింద ఎర్ర మేజోళ్ళు వేసుకుంది. మరుసటి ఏడాది ఆ జట్టే బాహాటంగా అందరూ జీతగాళ్ళుగా ఉన్న మొదటి జట్టు అయింది, ‘రెడ్ స్టాకింగ్స్’ అన్న దాని పేరు ఆ ఎర్ర మేజోళ్ళదే. 1882లో పెద్ద జట్ల సంఘమైన నేషనల్ లీగ్ వాళ్ళు ఆటగాడు నిలబడే స్థానాన్ని బట్టి చొక్కా రంగు నిర్ణయించి, జట్టును మేజోళ్ళ రంగుతోనే గుర్తుపట్టాలని నియమం పెడితే అది ఆ సీజనైనా పూర్తిగా నిలవలేదు. వీపు మీద అంకెలు స్థిరపడింది 1929లో న్యూయార్క్ యాంకీస్, క్లీవ్‌లాండ్ జట్లతో. క్లీవ్‌లాండ్ వాళ్ళు 1916లోనే చేతి మీద అంకెలు వేసి చూశారు గాని అప్పుడు అది నిలబడలేదు. ఇన్ని మార్పులు జరిగినా బట్ట మాత్రం దాదాపు మారలేదు. 1970లో పిట్స్‌బర్గ్ జట్టు సాగే అల్లిక బట్ట తొడుక్కొని మైదానంలోకి దిగేవరకు పెద్ద జట్లు దాదాపు ఎప్పుడూ ఫ్లానెల్‌లోనే ఆడాయి.

ఆ ఫ్లానెల్ చొక్కాలను ఎవరూ దాచిపెట్టాలని కుట్టించలేదు. పెద్ద జట్టు ఒక సీజన్ వాడిన దుస్తులను సాధనకు వాడుకునేది, తర్వాత కింది జట్లకు పంపేది. అక్కడ ఛాతీ మీది పేరు ఊడదీసి ఇంకో పేరు కుట్టుకునేవారు. చివరికి మోకాళ్ళు, మోచేతులు అరిగిపోయాక అవి గుడ్డపేలికలయ్యేవి. జారుతూ బేస్ (పరుగులో ఆటగాడు చేరుకోవాల్సిన గుర్తు) చేరుకోవడం, మట్టిలో పొర్లడం, ఆట తర్వాత వేడి నీళ్ళలో ఉతకడం, పెట్టెలో పడేస్తే చిమ్మట కొట్టడం, ఇన్నింటిని తట్టుకొని ఒక చొక్కా మన దాకా వచ్చిందంటే అది అదృష్టమే. న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్‌లో 1939లో తెరిచిన బేస్‌బాల్ మ్యూజియంలో కనిపించే పాత దుస్తులు, అలా తప్పించుకున్న కొన్నే.

ఇప్పుడు నా నష్టం సంగతి. చొక్కాతో వచ్చిన ప్యాంటు మోకాళ్ళ దగ్గర ఎర్రమట్టి మరక పెద్దగా ఉండేది, ఆటగాడు జారినప్పుడు గీరుకుపోయిన గీతలు అందులో స్పష్టంగా కనిపించేవి. దుమ్ము వాసన వస్తున్నదని, ముందు దాన్ని శుభ్రం చేయిద్దామని, ఊళ్ళో ఒక డ్రై క్లీనింగ్ దుకాణంలో ఇచ్చాను. నీళ్ళు తగలకూడదని చెప్పాను. సరేనన్నారు. నాలుగు రోజుల తర్వాత ప్లాస్టిక్ కవరులో మడత పెట్టి ఇచ్చిన ప్యాంటు నడుము దగ్గర జానెడు తగ్గి, గుడ్డ బిరుసెక్కి, పలకలా తయారైంది. మోకాళ్ళ మరక పోయింది, జారిన గీతలు పోయాయి, ఇస్త్రీ వేడికి అంచులు పసుపెక్కాయి. ఉన్ని వెంట్రుకకు చేప పొలుసుల్లాంటి పొలుసులు ఉంటాయి. వేడి నీళ్ళూ సబ్బూ తగిలి రాపిడి జరిగితే అవి ఒకదానిలో ఒకటి చిక్కుకొని ముడుచుకుపోతాయి, ఆ తర్వాత ఎంత లాగినా విప్పుకోవు. మన పాలమూరు కురుమలు ఇదే గుణాన్ని పట్టుకొని గొంగడికి గట్టిదనం తెస్తారు, చింతగింజల గంజి పెట్టి బిగిస్తారు. గొంగడికి బలమైనదే ఫ్లానెల్‌కు చేటయింది. అంత పెద్ద గుర్తు నా చేతుల మీదుగా పోయిందన్న బాధ నన్ను చాలా రోజులు వదల్లేదు.

చొక్కా విషయంలో అందుకే ఏడాది పైగా ఎవరికీ ఇవ్వలేదు. ముందు చిమ్మటను చంపాలి. మ్యూజియాలు చేసే పద్ధతినే ఇంట్లో చేశాను. చొక్కాను గాలి తీసిన పాలిథిన్ సంచిలో మూసి, ఫ్రీజర్‌లో సున్నాకు 18 డిగ్రీల కింద రెండు వారాలు ఉంచి, బయటికి తీశాక సంచి విప్పకుండా ఒక రోజు ఆగాను, లేకపోతే గాలిలోని తేమ బట్ట మీద నీళ్ళయి పడుతుంది. తర్వాత మళ్ళీ ఒకసారి అలాగే పెట్టాను. అప్పుడు రఫ్ఫు దుకాణం వెతుక్కున్నాను.

మాస్టరుకు అరవై దాటి ఉంటాయి. అందరూ చాచా అంటారు, నేనూ అలాగే పిలిచాను. చొక్కాను చేతికి ఇవ్వబోతే ఆయన వెంటనే తాకలేదు. బల్ల మీది దుమ్ము గుడ్డతో తుడిచి, తెల్ల పంచె ముక్క పరిచి, దాని మీద పెట్టమన్నారు. వాసన చూశారు. పెద్ద భూతద్దం పట్టుకొని చంక కింది చిల్లి అంచులు ఒక్కొక్క పోగుగా చూశారు.

“సారూ, ఇది నీళ్ళల్ల ముంచిన్రా?” అని అడిగారు.

“లేదు చాచా. దీని జోడు ప్యాంటును పాడు చేసిన్రు. అందుకే మీ దగ్గరికి తెచ్చిన.”

“మరి ఇది కడగొద్దు. మరక ఉండనియ్యి. మరక కిందనె పోగు బతికుంది.”

ఆ మాట వినగానే నాకు ఈయన చేతిలో పెట్టవచ్చని అనిపించింది. మరక తీస్తానని మొదట చెప్పిన వాళ్ళ దగ్గర అప్పటికే మూడు దుకాణాలు తిరిగి వెనక్కి వచ్చాను.

రఫ్ఫు అంటే పైన అడ్డదిడ్డంగా కుట్టడం కాదు. బట్టకు పడుగు (నిలువు పోగులు) ఉంటుంది, పేక (అడ్డ పోగులు) ఉంటుంది. తెగిన పడుగు పోగుల బదులు సూదితో కొత్త పోగులు నిలువునా పరిచి, వాటి మీదుగా ఒకటి పైకి ఒకటి కిందికి పేక పోగులను నడిపిస్తూ, చిల్లి ఉన్నచోట బట్టను మళ్ళీ నేయాలి. దీనికి పోగులు అదే బట్టవి అయితే సరిగ్గా కలిసిపోతాయి. చాచా చొక్కా పక్క కుట్టు లోపల కలిసే గుడ్డ నుంచి జానెడు పొడవు పోగులు నాలుగింటిని మాత్రమే లాగారు. అంతకంటే తీస్తే కుట్టు బలహీనపడుతుందని ఆగారు. మిగతా వాటికి మొదట గొంగడి నేసేవాళ్ళ దగ్గర తెచ్చిన తెల్ల ఉన్ని చూశారు. వేళ్ళ మధ్య నలిపి, ఇది మోటుదని పక్కన పెట్టారు. తర్వాత తన రేకు డబ్బాలోంచి పాత సూటు బట్ట ముక్క ఒకటి తీసి, దాని పోగులు సన్నగా విప్పి, ఫ్లానెల్ పోగు పక్కన పెట్టి పగటి వెలుతురులో రంగు సరిపోల్చారు. ఆ పోగు నిండు తెలుపు కాదు, కొంచెం పాతబడినది, కాబట్టి సరిపోయింది.

చంక కింది రెండు చిల్లుల్లో ఒకటి అన్నింటికంటే పెద్దది, రూపాయి బిళ్ళంత. దాన్ని నేయలేదు. నేస్తే చుట్టూ ఉన్న బలహీనమైన బట్ట మీద భారం పడి ఇంకా చిరుగుతుందని, లోపలి వైపు వాడి వాడి మెత్తబడిన నూలు పంచె ముక్కతో మాసిక వేశారు. మాసిక అంచును కుట్టిన దారం సన్నని ఒంటి నూలు పోగు. ఎందుకంత సన్నది అని అడిగితే, “లాగితె దారం తెగాలె గని బట్ట తెగొద్దు” అన్నారు. బట్టను కాపాడే మ్యూజియం నిపుణులు పెట్టుకునే సూత్రం ఇదే. చాచాకు అది ఏ పుస్తకమూ చెప్పలేదు, నలభై ఏళ్ళ చేతి పని చెప్పింది.

ఈ దుకాణం మీద నాకు గౌరవం పెంచిన విషయం ఇంకొకటుంది. చొక్కా రొమ్ము మీద ఒకప్పుడు ఫెల్ట్ (ఒత్తి గట్టిపరిచిన ఉన్ని గుడ్డ) అక్షరాలు ఉండేవి. అవి ఊడదీసేశారు. అక్షరం ఉన్నచోట ఎండ తగలలేదు కాబట్టి అక్కడ రంగు కొంచెం ముదురుగా మిగిలింది. ఆ నీడ చుట్టూ వరుసగా సూది రంధ్రాలున్నాయి. పక్కకు తిప్పి ఏటవాలు వెలుగులో చూస్తే ‘ఎస్’ అని ఒక అక్షరం, దాని పక్కన సగం చెరిగిన మరొకటి కనిపిస్తాయి. ఒక చిమ్మట చిల్లి సరిగ్గా ఆ నీడ అంచున పడింది. దాన్ని నేస్తూ చాచా నన్ను పిలిచి భూతద్దం చేతికిచ్చారు. రంధ్రాలు రెండు రకాలున్నాయి. కొన్ని పెద్దవి, ఎడం ఎడంగా ఉన్నవి. కొన్ని చిన్నవి, దగ్గర దగ్గరగా, ఒకే కొలతలో నడిచినవి. మొదటివి చేతితో కుట్టినవి, తర్వాతివి మిషన్‌వి అని ఆయన వివరించారు. అంటే ఈ చొక్కా మీద రెండుసార్లు రెండు పేర్లు కుట్టారు, రెండుసార్లూ ఊడదీశారు. చొక్కాలు జట్టు నుంచి జట్టుకు చేతులు మారేవని నేను పుస్తకాల్లో చదివినదే, కాని నా చొక్కా కూడా అలా తిరిగిందని అప్పటివరకు గమనించలేదు.

“ఈ పోట్లు గూడ పూడ్చాల్నా సారూ?” అని ఆయన అడిగారు. నేను జవాబు చెప్పేలోపే తనే అన్నారు: “నేనైతె ముట్ట. ఇవి చిరుగులు గావు, కుట్టు నడిచిన తొవ్వ.”

చిమ్మట చిల్లిని నేస్తున్నప్పుడు కూడా దాని పక్కనున్న మూడు సూది రంధ్రాలను ఆయన పోగులతో మూసివేయకుండా తప్పించుకుంటూ పోయారు. ఇప్పుడు చూసినా ఆ నీడ అంచు తెగకుండా నడుస్తుంది. పాత చొక్కాల మీద ఊడిన అక్షరాల చోట కొత్త అక్షరాలు కుట్టించి ‘పునరుద్ధరించాం’ అని అమ్మేవాళ్ళు అమెరికాలో చాలామంది ఉన్నారు. సేకరణకర్తలు అటువంటి చొక్కాకు, అక్షరాలు ఊడినా ముట్టని చొక్కాతో సమానమైన విలువ ఇవ్వరు. నేను చెప్పేది ధర సంగతి కాదు. కొత్త అక్షరం కుట్టిన రోజున ఆ పాత రంధ్రాలు దాని కింద కనపడకుండా పోతాయి, వాటిని చదవగలిగే అవకాశం కూడా పోతుంది.

లోపాలు కూడా చెప్పాలి. పదిహేను రోజులన్న పని అయిదు వారాలు పట్టింది. మధ్యలో రెండుసార్లు వెళ్తే దుకాణం మూసి ఉంది, ముందుగా చెప్పే ఏర్పాటు లేదు. బిల్లు ఇవ్వరు, వస్తువు ఇచ్చినప్పుడు ఒక అట్టముక్క మీద అంకె రాసి ఇస్తారు, అది పోతే మీ మాటే ఆధారం. విలువైన వస్తువు ఇచ్చేవారు ముందు అన్ని వైపులా ఫోటోలు తీసుకొని ఇవ్వడం మంచిది, నేను అలాగే చేశాను. ఎడమ చేతి మీద టైలరు సుద్దతో వేసిన చిన్న గుర్తు ఒకటి తిరిగి వచ్చినప్పుడు ఉంది; మెత్తని కుంచెతో చాలా మటుకు పోయింది గాని పూర్తిగా పోలేదు. భుజం మీది చిరుగును మొదట కొంచెం బిగించి నేశారు, చొక్కాను బల్ల మీద పరిస్తే అక్కడ చిన్న ముడత పడింది. చూపించగానే ఏ వాదనా లేకుండా విప్పి వదులుగా మళ్ళీ నేసి ఇచ్చారు, దానికి అదనంగా తీసుకోలేదు. మొత్తం ఏడు చోట్ల పనికి 2,100 రూపాయలు అయింది. ఒక్కో చోట మూడు నాలుగు గంటలు కూర్చొని చేసిన పనికి అది చాలా తక్కువ అని నా అభిప్రాయం, ఆయనకు అదే చెప్పి కొంత ఎక్కువ ఇవ్వబోతే తీసుకోలేదు.

పెళ్ళి బట్టలకు రేపే కావాలి అనుకునేవారికి ఈ దుకాణం సరిపోదు. అమ్మమ్మ పట్టుచీర, తాతగారి కోటు, నారాయణపేట పాత చీర అంచు, ఇలా తొడుక్కోవడానికి కాకుండా దాచుకోవడానికి బాగుచేయించాలనుకునేవారు తప్పకుండా వెళ్ళవచ్చు. ఏది బాగుచేయాలి, ఏది ముట్టకూడదు అన్నది మాత్రం ఇచ్చే ముందే కూర్చొని మాట్లాడుకోవాలి. ఆయన వింటారు, తను చూసింది చెబుతారు. శుక్రవారం మధ్యాహ్నం దుకాణం ఉండదు. మిగతా రోజుల్లో ఉదయం పదకొండు తర్వాత వెళ్తే వెలుతురు బాగుంటుంది, పని కూడా దగ్గరుండి చూపిస్తారు.

చొక్కాను ఇప్పుడు వేలాడదీయకుండా, మడతల్లో ఉతికిన పాత నూలు గుడ్డ చుట్టలు పెట్టి, అట్టపెట్టెలో పరిచి ఉంచాను. నాఫ్తలీన్ గోళీలు వేయలేదు. రెండు నెలలకొకసారి బయటికి తీసి అంచులు చూస్తాను. చంక కింది మాసిక లోపలి నుంచి పంచె తెలుపు కనిపిస్తుంది, బయటి నుంచి చూస్తే చిల్లి చిల్లిగానే ఉంది గాని పెరగదు. మేజోళ్ళ జత ఇంకా మిగిలి ఉంది. ఒకదాని మడమ పూర్తిగా పోయింది, రంగు ఎర్రదో గోధుమో చెప్పలేనంతగా వెలిసింది. వాటిని కూడా చూపిస్తే చాచా కాసేపు చేతిలో పెట్టుకొని, వానాకాలం చెమ్మకు ఉన్ని బరువెక్కుతుందని, దీపావళి పోయినాక తీసుకురమ్మన్నారు.